పదిహేడో అధ్యాయం

మళ్ళీ పుట్టుమచ్చే. ఈ ఏడాది నా చేతికొచ్చిన పుస్తకాల్లో ఇది ఆరోది, ఆరుగురు ఆడపిల్లలకీ ఎడమ భుజం మీదే, ఒకరికి చంద్రవంక, ఒకరికి తాళంచెవి, ఈ నెల్డాకి మాత్రం కాకి, పోనీ కాకి కాస్త కొత్తగా ఉంది, బలాల కింద రాయచ్చా, వద్దు, కిందటేడు కాకులు కూడా నాలుగొచ్చాయి. మా దీవి నుంచి రెండూ ముప్ఫై అయిదు పడవ కదిలింది, రేవు గోడ మెల్లగా వెనక్కి జరుగుతోంది, నవంబరు ఎండ మజ్జిగ తేటలా పల్చగా బల్ల మీద పడుతోంది. అవతలి ఒడ్డున స్వెన్‌బోర్గ్ చేరేసరికి మూడూ యాభై, నాలుగింటికల్లా ఈ పుస్తకం మీద నా అభిప్రాయం పంపేయాలి, నాలుగున్నరకి కంటి డాక్టరు. కళ్ళు లాగుతున్నాయంటే లాగవూ మరి, ఏడాదికి నలభై పుస్తకాలు, అందులో ముప్ఫై ఇలాంటివే, నాలుగు వందల ఎనభై ఎనిమిది పేజీలు, మొదటి పేజీలో ఎవరూ వెళ్ళని రాజ్యానికి పటం, కాలిపోయిన కోట, తల్లి లేని పిల్ల, వెండికళ్ళ కుర్రాడొకడు ఎప్పుడూ గోడకి ఆనుకునే ఉంటాడు, వీళ్ళ రాజ్యాల్లో కుర్చీలు ఉండవు కాబోలు. పద్నాలుగేళ్ళ పిల్లలకి ఇంత చీకటి ఎందుకని టీచర్ల గదిలో అడుగుతారు, ఏమో, వాళ్ళకే తెలియాలి, నాకు అరవై రెండు, నాకైతే ఈ మధ్య ఏ పుస్తకం మూసినా ఒకటే అనిపిస్తోంది, హమ్మయ్య అని.

దేశంలో లైబ్రరీలన్నిటికీ కొత్త పుస్తకాల జాబితా పంపే సంస్థ ఒకటుంది, ఆ సంస్థకి నాలాంటి చదువరులు ఊరికొకరు, స్కూలు లైబ్రరీలో పని చేసుకుంటూ ఖాళీ వేళల్లో ఇది చేస్తారు. బజారులోకి రాకముందే పుస్తకం అట్టపెట్టెలో మా ఇంటికొస్తుంది, రెండు వారాల గడువు, పద్దెనిమిది వందల అక్షరాలు దాటకూడదు. కథ ఏమిటి, బలాలేమిటి, బలహీనతలేమిటి, ఎలాంటి పిల్లలకి ఇవ్వాలి. అది చూసి లైబ్రరీల వాళ్ళు తెప్పించుకోవడమో, మానుకోవడమో. బలహీనత ఒక్కటైనా రాయకపోతే పొగడ్తని నమ్మరు, మూడు దాటాయంటే ఆ పుస్తకం సంగతి అంతే. అన్నిటికీ కింద ఒక గడి ఉంటుంది, రచయిత మీకు తెలుసా, ఔను, కాదు. ఔనంటే పుస్తకం తిప్పి పంపెయ్యాలి, ఇంకొకరు చదువుతారు. ఇరవై రెండేళ్ళుగా నేను కాదు మీదే గుర్తు పెడుతున్నాను, మా దీవిలో బంగాళాదుంపలు పండుతాయి గానీ రచయితలు పండరు. ఈ రచయిత పేరు ఎం. టోర్నింగ్, మొదటి పుస్తకం, అట్ట మీద ఫొటో లేదు. పుస్తకం పేరు పొగకుక్క. సంస్థలో జాబితా చూసే హన్నె కోపెన్‌హాగెన్ నుంచి నిన్న రెండోసారి ఉత్తరం పెట్టింది, ఎల్సెబెత్, క్రిస్మస్ ముందు ఇదే ఆఖరి జాబితా, రేపు గురువారం నాలుగింటికి పేజీ మూసేస్తాం, ఆ తర్వాత జనవరే అని. జనవరిలో వచ్చిన పుస్తకం మొహం ఎవరు చూస్తారు, పండగ అయిపోయాక వచ్చిన చుట్టం లాంటిది.

“ఏం ఎల్సే, ఈసారి ఎంతమంది పోయారు?”

ప్రెబెన్. పడవలో కాఫీ కొట్టు వాడిది, నాతో పాటు ఒకటో తరగతి నుంచీ చదివాడు, అప్పటి నుంచీ ఇలాగే నెత్తి మీద నిలబడి మాట్లాడతాడు.

“నూట ముప్ఫయ్యో పేజీకే పదకొండు మంది.”

“పర్లేదే. మా మనవరాలికివ్వచ్చా మరి? దానికి కనీసం పది మంది పోనిదే తోచదు. ప్రేమా గీమా ఏమైనా ఉందా?”

“ఉంది. వెండికళ్ళవాడు.”

“అయితే అది రెండు రోజులు అన్నం మానేస్తుంది,” అని కాఫీ పెట్టి, అడక్కుండానే ఒక దాల్చినచెక్క రొట్టె కూడా పెట్టి, “తిను, ఆ చావులన్నీ ఖాళీ కడుపుతో చదవకూడదు,” అని వెళ్ళిపోయాడు. వాడికి జనాన్ని చూస్తే ఏదో ఒకటి పెట్టాలనే ఉంటుంది, వాళ్ళమ్మా అంతే.

నిన్న రాసిపెట్టుకున్నది ఇంకోసారి చూసుకుంటే చాలు, పంపెయ్యచ్చు. బలాలు, భాష బిగువుగా ఉంది, పొగమంచు వచ్చే చోట్ల చదివేవాళ్ళ ఒళ్ళు తడుస్తుంది. పొగకుక్క అనే ఊహ మంచిది, పగలు ఊరంతటితో ఆడుకునే కుక్క, అందరూ ముద్దు చేసే కుక్క, చీకటి పడ్డాక సొంత ఇంటి గడప లోపల మాత్రమే పళ్ళు బయటపెడుతుంది. ఇది నిజంగానే బాగుంది, రాసేటప్పుడు నాకు ఈర్ష్య కూడా వేసింది. బలహీనతలు, మధ్య భాగం సాగుతుంది. వెండికళ్ళ కుర్రాణ్ణి తీసేసినా కథకి లోటు లేదు. దీపాలామె పాత్రకి ప్రాణం లేదు, పిల్లలు తలదాచుకునే బురుజుకి ఆమె కాపలా, గంట కొట్టిందన్న ఒక్క కారణంతో పిల్లల్ని పొగమంచులోకి పంపి తలుపేసే మనిషి ఎక్కడైనా ఉంటుందా, ఆమె క్రూరత్వం నమ్మశక్యంగా లేదు. మూడు బలహీనతలు, గీత మీద నిలబడ్డ పుస్తకం, నలుగురు కొంటారు, ఆరుగురు మానేస్తారు, సరే. కాకపోతే ఇంత గట్టి మాట అన్నప్పుడు నేను పేజీ సంఖ్య వేస్తాను, అది నా పద్ధతి, ఎవరైనా అడిగితే చూపించాలి కదా, ఏ పేజీలో నమ్మశక్యంగా లేదో. దీపాలామె ఎక్కువగా పదిహేడో అధ్యాయంలో ఉండాలి, రెండు వందల అరవై ఒకటి నుంచి. అది నేను చదవలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు, కానీ ఈ పని చేసేవాళ్ళెవరూ మధ్య భాగం పూర్తిగా చదవరు, ఒకరితో ఒకరం అనుకోం, అంతే. మొదటి వంద పేజీలూ చివరి వందా శ్రద్ధగా చదువుతాం, మధ్యలో పిల్ల ఎక్కడికో నడుస్తూ ఉంటుంది, పేజీలు తిప్పుకుంటూ మనమూ దాని వెనకాల వెళ్ళిపోతాం. నేను రెండు వందల అరవై ఒకటి దగ్గర రాత్రి కళ్ళజోడు తీసి, పొద్దున రెండు వందల ఎనభై మూడు దగ్గర పెట్టుకున్నాను. మధ్య భాగం సాగుతుందని ఇన్నేళ్ళుగా రాస్తున్నాను గానీ సాగుతోందో లేదో చూడ్డం మానేసి ఎన్నాళ్ళయిందో.

సరే, చూద్దాం. బురుజు గడప బయట పిల్లలు తడిచిన బూట్లు విప్పుతారు, వరసగా పెడతారు, మేజోళ్ళతో లోపలికొస్తారు, లోపల నేల కింద పైపుల్లో వేడినీళ్ళు పారుతుంటాయి. బాగానే ఉంది. నాలుగో గంటకి దీపాలామె లేస్తుంది, దీపాలన్నీ ఒకసారి తగ్గించి పెంచుతుంది, అది హెచ్చరిక, రెండోసారి తగ్గిస్తే ఇక పెంచదు. బూడిదరంగు చేతిగ్లౌజులు వేసుకుంటుంది, ఎడమ బొటనవేలు దగ్గర మాత్రం పచ్చ ఉన్నితో కుట్టు. తలుపు పట్టుకుని నిలబడి అందరితో ఒకే మాట అంటుంది, అక్షరాలు ఎక్కడికీ పోవు, రేపూ ఇక్కడే ఉంటాయి. ఈ మాట ఎక్కడో విన్నాను. కాఫీ చల్లారింది. ఎడమ బొటనవేలు, పచ్చ ఉన్ని, మా అమ్మ అల్లిన గ్లౌజులు అవి, వేలు దగ్గర చిరిగితే ఇంట్లో బూడిదరంగు ఉన్ని అయిపోయి పచ్చది పెట్టి నేనే కుట్టాను, పన్నెండేళ్ళు వేసుకున్నాను, ఎక్కడో విన్నానేమిటి, ఆ మాట నాదే. లైబ్రరీ మూసేటప్పుడు రోజూ నేను అనే మాట. లైటు ఒకసారి ఆర్పి వేసి, రెండోసారి ఆర్పేసి, పుస్తకాలు ఎక్కడికీ పోవు, రేపూ ఇక్కడే ఉంటాయి. సరదాగానే అనేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్ళు కూడా. అందరూ నవ్వారా, ఏమో, అందరి మొహాలూ చూశానా నేను.

ఎం. అంటే మారెన్. మారెన్ లూకె. బోటు ఇంజన్లు బాగుచేసే లూకె కూతురు. టోర్నింగ్ వాళ్ళమ్మ పుట్టింటి పేరు అయుంటుంది, ఆవిడ యూలాండ్ వైపు మనిషి, ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కాలు. మారెన్‌కి తొమ్మిదేళ్ళప్పుడు మొదలైంది, బడి రెండింటికి వదిలితే నేరుగా లైబ్రరీకి, కిటికీ పక్కన హీటరుంది, దాని మీద తడి మేజోళ్ళు ఆరేసుకుని, పసుపు గాజు దీపం కింద ముడుచుకుని కూచునేది, ఉన్ని కాలిన వాసన గదంతా, నాకు ఆ వాసన చిరాకు. మొదట్లో పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళేది, తర్వాత మానేసింది, ఎంత చెప్పినా తీసుకెళ్ళేది కాదు. ఎందుకే అంటే, ఇక్కడ చదువుకుంటాలే ఎల్సే అనేది. నాకు గర్వంగా ఉండేది, చూశారా నా గది అంటే పిల్లలకి ఎంత ఇష్టమో అని టీచర్ల దగ్గర చెప్పుకున్నాను కూడా. ఒకరోజు, డిసెంబరే, బయట మూడున్నరకే చీకటి, మొదటిసారి లైటు ఆర్పి వేశాను, అందరూ లేచారు, అది లేవలేదు.

“ఎల్సే, నువ్వు పుస్తకాలు సర్దుకునేదాకా ఇక్కడే కూచోనా? చప్పుడు చెయ్యను.”

“నాలుగైంది మారెన్. నిన్నొకదాన్ని ఉంచితే అందరూ ఉంటామంటారు. ఇంటికెళ్ళు. పుస్తకాలు ఎక్కడికీ పోవు, రేపూ ఇక్కడే ఉంటాయి.”

“అవి ఉంటాయిలే,” అంది.

పెంకి సమాధానం అనుకున్నాను. ఇంటికెళ్ళి మా చెల్లెలితో ఫోనులో చెప్పి నవ్వాను కూడా, అవి ఉంటాయిలే అంటుందే ఆ పిడుగు అని. పద్దెనిమిదేళ్ళయింది, ఇప్పుడు ఈ బల్ల దగ్గర కూచుంటే అవి అన్న మాట మీద అది ఎంత బరువు పెట్టిందో వినపడుతోంది. లోపల ఇంజను అదురుతోంది, కిటికీ అద్దం మీద ఉప్పునీటి చారలు, ఎవరి పిల్లాడో రెండు బల్లల అవతల ఏడుస్తున్నాడు, ఇంకా ఎనిమిది పేజీలున్నాయి. చదవాలా. చదువు ఎల్సే, ఇన్నాళ్ళూ తిప్పేశావుగా, ఈ ఎనిమిదీ చదువు.

బూడిదరంగు పక్షులు. దీపాలామె పిల్లల పేర్లు ముక్కున కరిపించి పక్షుల్ని పంపుతుంది, బురుజు నుంచి తీసుకెళ్ళిన అక్షరాల పుస్తకాలు తిరిగి ఇవ్వనివాళ్ళ కోసం. మొదటి పక్షి పిల్ల దగ్గరికి, రెండోది గురువు దగ్గరికి, మూడోది ఇంటికి. మూడో పక్షి నెల్డా ఇంటి గడప మీద వాలితే తలుపు తీసింది కుక్క. కుక్క పక్షిని చదివింది, తర్వాత పుస్తకాల్ని వెతికి పొయ్యిలో పెట్టింది, తర్వాత నెల్డా వైపు తిరిగింది. ఆఖరి పుస్తకాన్ని మంటలోంచి చేత్తో లాగింది నెల్డా. ఇది కల్పన కాదు, నాకు తెలుసు, నా కవర్లు అవి. గడువు దాటిన పుస్తకానికి మొదటి చీటీ పిల్లకి, రెండోది క్లాసు టీచరుకి, మూడోది బూడిదరంగు కవర్లో పోస్టులో ఇంటికి, తల్లిదండ్రుల పేరు మీద, అదీ మా నియమం. మారెన్ మొదట్లో తీసుకెళ్ళిన మూడు పుస్తకాలు తిరిగి రాలేదు, నేను మూడో కవరు జిగురు నాలికతో తడిపి అంటించాను, ఆ రుచి ఇప్పటికీ తెలుస్తోంది. ఆ తర్వాతి వారం దాని కుడిచేతికి కట్టు ఉంది. ఏమైందే అంటే పొయ్యి అంది. జాగ్రత్తగా ఉండద్దూ అన్నాను. నిజంగా అంతే అన్నాను, జాగ్రత్తగా ఉండద్దూ, అని పుస్తకాల పట్టీలో ఆ మూడింటి పక్కనా పోయినవి అని రాసుకున్నాను. లూకె చాలా సరదా మనిషి. మా బోటు ఇంజను రెండుసార్లు బాగుచేసి ఏమీ పుచ్చుకోలేదు, జూన్ పండగ మంటల దగ్గర అకార్డియన్ వాయించేవాడు, ఊళ్ళో పిల్లలందరూ వాడి వెనకాలే. పగలు ఊరంతటితో ఆడుకునే కుక్క. బలాల కింద రాశాను దాన్ని, మంచి ఊహ అని.

“ప్రెబెన్,” అన్నాను, వాడు పక్క బల్ల తుడుస్తుంటే. “లూకె కూతురు గుర్తుందా నీకు? మారెన్.”

గుడ్డ ఆగింది. “ఎందుకు లేదు. తల్లీ కూతుళ్ళు వెళ్ళిపోయింది ఈ పడవలోనేగా, పొద్దున మొదటి పడవ, రెండు సంచులు. ఇదిగో, నువ్వు కూచున్న బల్లే. తల్లి ఏడుస్తూనే ఉంది, పిల్ల కోకో తాగింది. ఇంకోటి కావాలా అంటే ఊఁ అంది, ఇంకోటిచ్చాను.” మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. “ఆ లూకె పోయాడుగా కిందటేడు. ఎందుకడిగావు?”

“మనకి తెలుసా ప్రెబెన్? అప్పుడు?”

“నన్ను ముసలితనంలో ఏడిపించకు ఎల్సే,” అన్నాడు, గుడ్డ పిండుతూ. “తెలియనిదెవరికి.”

వాడు కనీసం రెండో కోకో ఇచ్చాడు. నేను మూడో కవరు పంపాను.

ఆఖరి రెండు పేజీలు. ఇక్కడ ఒక సాయంకాలం దీపాలామె మూలనున్న పసుపు దీపాన్ని ఆర్పకుండా, తలుపు గడియ పెట్టకుండా వెళ్ళిపోతుంది, కావాలని. నెల్డా పొగమంచులోంచి ఆ వెలుగు చూసి వెనక్కొస్తుంది, పైపుల పక్కన పడుకుంటుంది, ఆ రాత్రి కుక్క ఊరంతా వెతికినా దొరకదు. ఆ ఒక్క దీపం లేకపోతే ఈ కథ చెప్పడానికి నేను ఉండేదాన్ని కాదు అంటుంది. మర్నాటి నుంచి రోజూ చూస్తుంది, దీపం మళ్ళీ ఎప్పుడూ వెలగదు. దీపాలన్నీ ఆర్పాలని శాసించిన రాజుకి తెలిసిపోయి ఉంటుంది, దీపాలామె చెయ్యి నరికించి ఉంటాడు, అందుకే ఆ గ్లౌజులు, లేకపోతే ఆవిడ తప్పకుండా వెలిగించేది అనుకుంటుంది నెల్డా. పుస్తకం బల్ల మీద బోర్లా పెట్టాను. కిటికీలోంచి చూశాను. నీళ్ళు, దారి గుర్తుకి తేలే ఒక తెల్ల పీపా, నీళ్ళు. ఆ దీపం నేను కావాలని వదలలేదు. జనవరిలో ఒకరోజు నాలుగూ ఇరవై పడవ అందుకోవాలని, మా చెల్లెలి కాన్పు, పరుగెత్తాను, మూల దీపం మర్చిపోయాను, తలుపూ మర్చిపోయాను. రెండు రోజుల తర్వాత వస్తే స్కూలు కాపలాదారు ఓగె గయ్యిమన్నాడు, హీటరు పక్కన రొట్టె ముక్కలు, కాగితాలు, ఎవరో రాత్రంతా ఉన్నారు, నీ పనేనా ఇది అని. నేను కాదన్నాను. నేను ఆర్పే వెళ్ళాను, పిల్లలెవరో తెరిచుంటారు అన్నాను, అరవై రెండేళ్ళ జీవితంలో ఆడిన అబద్ధాల్లో అదొకటి, చిన్నదే అనుకున్నాను. ఆ పైన తలుపుకి కొత్త తాళం పెట్టించి, వెళ్ళేముందు చూసుకోవలసినవి అని ఒక పట్టీ రాసి తలుపు లోపలివైపు అంటించాను, ఒకటి, మూల దీపం. మళ్ళీ ఎప్పుడూ మర్చిపోలేదు. రాజెవడూ నా చెయ్యి నరకలేదమ్మా మారెన్.

మూడున్నర దాటింది. ఇప్పుడేం చెయ్యాలి. రచయిత మీకు తెలుసా, ఔను అని గుర్తు పెట్టాలి, నియమం అదే, పుస్తకం కవర్లో పెట్టి తిప్పి పంపాలి, వేరే ఎవరో ఆర్హుస్‌లోనో ఓల్బోర్‌లోనో మళ్ళీ మొదటి నుంచి చదవాలి, అదీ మధ్య భాగం వదిలేసి. జనవరి జాబితా. ఎవరికీ తెలియని పేరు, అట్ట మీద ఫొటో లేని మొదటి పుస్తకం, జనవరిలో, అయిపోయినట్టే. నాలుగైంది మారెన్, ఇంటికెళ్ళు. ఇరవై రెండేళ్ళలో ఒక్క నియమం తప్పలేదని హన్నె నన్ను మెచ్చుకుంటుంది, నాకు అదొక బిరుదు. పోనీ ఆకాశానికెత్తేస్తూ రాసి పంపితే, ఈ దశాబ్దంలో ఇలాంటి పుస్తకం రాలేదు అని, అది మరీ సిగ్గుమాలిన పని, ఆ పొగడ్త మారెన్ కోసం కాదు, నాకోసం, మొహం కడుక్కోడానికి. అది నన్ను పొగడమని అడగలేదు. అసలు అది నన్నేమీ అడగలేదు, ఒకసారి తప్ప. అలసటగా ఉంది. డాక్టరు చుక్కలు వేస్తే రెండు గంటలు ఏమీ కనపడదట, బాగానే ఉంటుంది.

ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. మధ్య భాగం సాగుతుంది, కొట్టేశాను. సాగదు, ఊపిరి ఆడనివ్వదు, బలాల్లోకి మార్చాను, పదిహేడో అధ్యాయం పుస్తకానికి గుండెకాయ అని రాశాను, అలవాటు లేని మాట, ఉండనీ. వెండికళ్ళ కుర్రాడు బలహీనతల్లోనే ఉంటాడు, మారెన్ ఏమనుకున్నా సరే, వాడు అనవసరం, వచ్చే భాగంలోనైనా వాణ్ణి కూర్చోబెట్టు తల్లీ. దీపాలామె క్రూరత్వం నమ్మశక్యంగా లేదు, కొట్టేశాను. కీబోర్డు మీద మళ్ళీ కొట్టాను. దీపాలామె క్రూరత్వం పూర్తిగా నమ్మేలా ఉంది, ఆమె దయే నమ్మేలా లేదు, రెండు వందల ఎనభై ఒకటో పేజీ. ఇరవై రెండేళ్ళలో నేను రాసిన వాటిలో ఇంత సరైన వాక్యం ఇంకోటి లేదు. ఎవరికివ్వాలి అన్నచోట పన్నెండేళ్ళు దాటిన వాళ్ళకి అని రాసి, ఆగి, లైబ్రరీల్లో పనిచేసే పెద్దవాళ్ళకి కూడా అని చేర్చాను. అక్షరాలు లెక్క చూసుకుంటే పద్దెనిమిది వందల ఆరు, కథ చెప్పినచోట కాకిని తీసేశాను, సరిపోయింది.

పడవ రేవుకి తగిలిన అదురు. మూడూ యాభై రెండు. కుర్చీలు జరిగాయి, ఏడ్చే పిల్లాణ్ణి ఎత్తుకుని వాళ్ళమ్మ మెట్లు దిగిపోయింది, జనం కోట్లు తొడుక్కుంటున్నారు. గడి ఇంకా ఖాళీగానే ఉంది, ఔను, కాదు. ప్రెబెన్ ఒక్కొక్క స్విచ్చీ ఆర్పుకుంటూ ఇటే వస్తున్నాడు, వెనక బల్లల మీద చీకటి, తర్వాత పక్క బల్ల మీద, పడవ ఖాళీ చెయ్యాలి, వాడికీ నియమాలుంటాయి.

“దిగవా ఎల్సే? డాక్టరు వెళ్ళిపోతాడు.”

“ఇంకో అయిదు నిమిషాలు ఉండచ్చా ప్రెబెన్? నాలుగింటిలోపు ఇది పంపాలి.”

నా మొహం చూశాడు. నా నెత్తి మీది లైటు స్విచ్చీ దగ్గర ఉన్న చెయ్యి తీసేశాడు.

“కూచో, కూచో. నేనెలాగూ కప్పులు కడగాలి.”

అంతే, అని లోపలికెళ్ళి కొళాయి తిప్పాడు. నేను కాదు మీద గుర్తు పెట్టాను. తెలిసి, కావాలని, ఎవరి కాన్పూ లేకుండా, ఏ పడవా అందుకోనక్కర్లేకుండా. పంపు అన్నదాని మీద నొక్కాను, మూడూ యాభై ఏడు, అందింది, ధన్యవాదాలు అని వచ్చింది. ఇక లేవచ్చు. లేవలేదు. లోపల కప్పులు ఒకదానికొకటి తగులుతున్నాయి, వాడు ఏదో కూనిరాగం తీస్తున్నాడు, ఎంత తేలిగ్గా అన్నాడు, కూచో, నేనెలాగూ కప్పులు కడగాలి అని. నాకూ రోజూ అలాంటి పనే ఉండేది, తిరిగొచ్చిన పుస్తకాలు ఒక బండెడు, వాటిని అరల్లో సర్దాలి. నాలుగింటికి పిల్లల్ని పంపేసి, తలుపు గడియ పెట్టుకుని, ఆర్పిన లైట్లు మళ్ళీ వేసుకుని, నాలుగున్నర దాకా, ఒక్కోసారి అయిదు దాకా, ఆ వెచ్చటి గదిలో నేను అక్కడే ఉండేదాన్ని. పుస్తకమంతా చదివాను ఇప్పుడు, ఆ సంగతి మారెన్ ఎక్కడా రాయలేదు, దానికి తెలియదో, తెలిసి వదిలేసిందో.